ఆల్ప్స్ కొండరాతి మీది రేటిక్ శాసనాన్ని చదవడం ఎలా: మొదటి ఫొటో నుంచి చివరి అనువాదం దాకా

రోమన్లు రాకముందు తూర్పు ఆల్ప్స్ కొండల్లో మాట్లాడిన రేటిక్ భాషలోని శాసనాలు చాలా పొట్టివి. చాలావాటిలో రెండు మూడు మాటలకు మించి ఉండవు. వాటిలోనూ సగం పేర్లే. ఇంత తక్కువ రాత ఉన్న చోట ఊహకు చోటు ఎక్కువ దొరుకుతుంది. అందుకే రెండు వందల ఏళ్లుగా ఈ శాసనాల్లో రకరకాల దేవతలను, మద్యాన్ని, యుద్ధాలను చదివినవాళ్లు ఉన్నారు. వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు నిలవలేదు. నిలిచినవి మాత్రం ఒకే దారిలో వచ్చాయి. ముందు అక్షరాలను అక్షరాలుగా చదివి, తరువాత మాటల చివర ఉండే ప్రత్యయాలను పట్టుకుని, ఆ ప్రత్యయాలు తీసుకెళ్లినంత దూరమే వెళ్లారు. ఈ మార్గదర్శిలో ఆ దారినే అడుగడుగునా చూపిస్తాను. ఉదాహరణగా ఎక్కువసార్లు ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో, స్టైన్‌బెర్గ్ అమ్ రోఫాన్ అనే ఊరి దగ్గర గుఫర్ట్ కొండ వాలులో ఉన్న రాతి చీలికను తీసుకుంటాను. 1957లో అక్కడి గోడ మీది రాతలు పండితుల దృష్టికి వచ్చాయి. అదే ఏడాది ఎమిల్ ఫెట్టర్ అనే పండితుడు వాటిని ప్రచురించారు.

పని మొదలుపెట్టే ముందు తెలియాల్సినవి

రేటిక్ మాట్లాడినవాళ్లు క్రీ.పూ. 6వ శతాబ్దం నుంచి 1వ శతాబ్దం మధ్య తూర్పు ఆల్ప్స్‌లో ఉన్నారు. ఇప్పటి ఇటలీలోని ట్రెంటీనో, దక్షిణ టిరోల్, వెనెటో కొండ అంచులు, ఆస్ట్రియాలోని ఇన్ నది లోయ, స్విట్జర్లాండ్‌లోని ఎంగడీన్ దిగువ భాగం వాళ్ల నేల. క్రీ.పూ. 15లో ద్రూసుస్, తిబేరియుస్ నడిపిన రోమన్ సేనలు ఆ కొండలను లొంగదీశాయి. ఆ తరువాత లాటిన్ వచ్చింది, రేటిక్ రాత ఆగిపోయింది.

రోమన్ చరిత్రకారుడు లివీ, ఆల్ప్స్ జనం, ముఖ్యంగా రేటియన్లు, రోమ్‌కు ముందు మధ్య ఇటలీలో వెలిగిన ఎట్రస్కన్ల సంతతి అని రాశాడు. కొండల్లో ఉండి మొరటుబారారని, పాతదాంట్లో మాట యాస తప్ప ఏదీ మిగలలేదని, ఆ యాస కూడా చెడిపోయిందని అన్నాడు. గాల్ అనే కెల్టిక్ జనం తరిమితే రేటుస్ అనే నాయకుడి వెంట కొండలకు చేరారని ఇంకో రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ఈ కథను ఉన్నది ఉన్నట్టు నమ్మనక్కర్లేదు. అయితే భాషల మధ్య చుట్టరికం నిజమేనని 1998లో భాషావేత్త హెల్ముట్ రిక్స్ వ్యాకరణం ఆధారంగా చూపించారు. రేటిక్ ఎట్రస్కన్‌కు కూతురు కాదు, తోబుట్టువు. గ్రీసులోని లెమ్నోస్ దీవిలో 1885లో దొరికిన రాతి పలక మీది భాష వీటికి ఇంకో తోబుట్టువు. ఈ మూడూ కలిసినదే తిర్సేనియన్ కుటుంబం. ఈ సంగతి మొదటే తెలిసి ఉండాలి. ప్రత్యయాల దగ్గరికి వచ్చినప్పుడు మన చేతిలో ఉండే ఆధారం ఇదొక్కటే.

మొదటి అడుగు: రాయిని చూడడం

మీరు ఆ రాయి ముందు నిలబడి ఉన్నా, ఇంట్లో కూర్చుని ఫొటో చూస్తున్నా మొదటి నియమం ఒకటే. అంతకుముందు ఎవరైనా ఇచ్చిన పాఠాన్ని చూడకండి. ఒక్కసారి చూస్తే కన్ను దాన్నే వెతుక్కుంటుంది. మీ గీతలు పూర్తయ్యాకే పాత పాఠంతో పోల్చండి.

సున్నపురాయి మీద ఎదురుగా వెలుతురు పడితే సన్నటి గీతలు కనబడవు. వెలుతురు పక్కనుంచి, గోడను దాదాపు రాసుకుంటూ రావాలి. మామూలు టార్చిలైటు చాలు. ఎడమ, కుడి, పైన, కింద ఇలా నాలుగు దిక్కుల నుంచీ వేసి ఒక్కో దిక్కుకు ఒక్కో ఫొటో తీయాలి. కెమెరా మాత్రం కదలకూడదు. ఒక దిక్కు వెలుతురులో మాయమైన గీత ఇంకో దిక్కులో నల్లగా తేలుతుంది. వెలుతురు దిక్కుకు సమాంతరంగా ఉన్న గీత నీడ పడనివ్వదు కాబట్టి ఒకే ఫొటోను నమ్మితే ఏదో ఒక అక్షరం కాలో చెయ్యో పోతుంది. ఇంకా వివరంగా కావాలంటే ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే పద్ధతి ఉంది. నిగనిగలాడే నల్ల గోళీని రాయి పక్కన పెట్టి, లైటును ఒకే దూరంలో చుట్టూ తిప్పుతూ కొన్ని పదుల ఫొటోలు తీస్తారు. గోళీ మీది మెరుపును బట్టి సాఫ్ట్‌వేర్ వెలుతురు ఎటునుంచి వచ్చిందో లెక్కగడుతుంది. తరువాత స్క్రీన్ మీద వెలుతురును మనకు కావలసినట్టు తిప్పుకోవచ్చు. 2001లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం బయటపెట్టిన పద్ధతి నుంచి ఇది పెరిగింది. స్కేలు పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. అక్షరం ఎత్తు తెలియని ఫొటో సగం పనికిరాదు.

మన దగ్గర శాసనాలకు తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పూసి ఎస్టాంపేజీ తీస్తారు. గట్టి గ్రానైటు మీద లోతుగా చెక్కిన అక్షరాలకు అది గొప్ప పద్ధతి. ఆల్ప్స్ సున్నపురాతి మీది సన్నగీతలకు దాన్ని వాడకండి. రాయి పై పొర ఊడి వస్తుంది, పైగా సన్నగీత కాగితంలోకి ఎక్కదు. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం ఇంకా ఘోరం. సుద్ద దిద్దిన చోట రాయి కనబడదు, దిద్దినవాడి అభిప్రాయమే కనబడుతుంది. నీళ్లు చల్లడం, చేత్తో తుడవడం కూడా వద్దు.

రెండో అడుగు: గీతను పగులు నుంచి వేరు చేయడం

మొత్తం పనిలో ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. ఫొటోను పెద్దది చేసి, పైన పారదర్శక పొర పెట్టి కనబడిన ప్రతి గీతనూ గీయండి. అక్షరం అనిపించినా అనిపించకపోయినా గీయండి. మూడు రంగులు పెట్టుకుంటే మేలు. ఒకటి ఖచ్చితంగా మనిషి చెయ్యి, ఒకటి ఖచ్చితంగా ప్రకృతి, ఒకటి అనుమానం.

మనిషి చేసిన గీతకు మొదలు, చివర ఉంటాయి. అడ్డుకోత చూస్తే ఎక్కువగా లోపలికి మొనదేలి ఉంటుంది. లోతు కొంతసేపు ఒకేలా ఉండి చివర తేలిపోతుంది. పగులు అలా కాదు. అది అక్షరం హద్దు దాటి పైకీ కిందికీ పోతూనే ఉంటుంది, వంకర్లు తిరుగుతుంది, పక్కనున్న పగుళ్లతో ఒకే వాలులో ఉంటుంది. నీటి చార మెత్తగా, అంచు లేకుండా ఉంటుంది. గీత మీదుగా సున్నపు పొర పేరుకుని ఉంటే అది కొత్త గీత కాదనే అర్థం. పక్కన తెల్లగా, పదునుగా ఉన్న గీతలు కొండెక్కిన వాళ్లు ఈ మధ్య చెక్కిన తమ పేర్లు కావచ్చు. వాటినీ గీసి, వేరే రంగు వేయండి. వదిలేస్తే తరువాత వచ్చినవాడు మళ్లీ మొదటికి వస్తాడు.

రేటిక్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన అక్షరం ‘ఇ’. అది ఒక్క నిలువు గీత, అంతే. ఏ నిలువు పగులైనా ‘ఇ’ కావచ్చు, ఏ ‘ఇ’ అయినా పగులు కావచ్చు. దీనికి నేను నమ్మే పరీక్ష అక్షరాల మధ్య ఎడం. రాసినవాడి చెయ్యి ఒక లయలో నడుస్తుంది. ఆ ఎడం ప్రకారం అక్కడ ఒక అక్షరానికి చోటుంటే ‘ఇ’ని ఒప్పుకోవచ్చు. రెండు అక్షరాలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా ఇరుక్కుంటే అది పగులే. ఎత్తు కూడా చూడండి. పక్క అక్షరాలంత ఎత్తు ఉందా, పైకి పొడుచుకు వచ్చిందా?

రెండోది ‘ల’. నిలువు గీతకు ఒక కొసన చిన్న కొక్కెం, అదే ‘ల’. కొక్కెం అరిగిపోతే మిగిలేది ‘ఇ’. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, ఈ భాషలో ముఖ్యమైన ప్రత్యయం ఒకటి ‘-అలె’. ఆ కొక్కెం కనబడకపోతే ‘అలె’ కాస్తా ‘అఇఎ’ అయిపోతుంది, వాక్యం నడుమే విరిగిపోతుంది. అందుకని చివరి నుంచి రెండో అక్షరం నిలువు గీతగా కనబడితే ఆ చోటును నాలుగు వెలుతురుల్లోనూ మళ్లీ చూడండి. కొక్కెం దొరికితే గీయండి. దొరకకపోతే, అక్కడ ‘ల’ ఉండాలని మీకు ఎంత అనిపించినా, గీతలో చేర్చకండి. ఆ అనుమానాన్ని పక్కన నోట్‌గా రాయండి.

మూడో అడుగు: రాత ఏ దిక్కుకు నడుస్తోంది?

రేటిక్ ఎక్కువగా కుడి నుంచి ఎడమకు రాస్తారు. కానీ ఎడమ నుంచి కుడికి రాసినవీ ఉన్నాయి. ‘ఎ’ అక్షరానికి నిలువు గీత, దాని నుంచి మూడు చేతులు ఉంటాయి. ఆ చేతులు ఎటు చాచి ఉంటే రాత అటు నడుస్తుంది. ‘క’ చేతులూ అంతే. ‘స’ వంకర్లను మాత్రం ఆధారం చేసుకోకండి, దాన్ని తిరగేసి రాయడం మామూలే. చివరికి వచ్చేసరికి అక్షరాలు ఇరుకైతే, చోటు చాలక అలా జరిగిందని అర్థం, అది కూడా దిక్కుకు సాక్ష్యం.

ఒకే శాసనంలో దిక్కు మారడం వింతేమీ కాదు. కర్నూలు వైపు ఎర్రగుడిలోని అశోకుడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అలాంటి రాత చూసినవాళ్లకు ఆల్ప్స్ గోడ ముందు టెన్షన్ ఉండదు. పంక్తికి పంక్తి విడిగా పరీక్షించాలన్న అలవాటు ఉంటే చాలు.

నాలుగో అడుగు: ఏ లిపి?

ఉత్తర ఇటలీ, ఆల్ప్స్ లిపులన్నీ ఎట్రస్కన్ లిపి నుంచి వచ్చాయి. 1885లో కార్ల్ పౌలి వాటిని దొరికిన చోట్లను బట్టి గుంపులు చేశారు. రేటిక్‌కు రెండు లిపులున్నాయి. ఒకటి నాన్ లోయలోని సాన్‌జేనో ఊరి పేరు మీద పిలిచేది, దాన్నే పాతవాళ్లు బోల్జానో లిపి అనేవారు. రెండోది విచెంజా జిల్లాలో స్కియో దగ్గరి మాగ్రె పేరు మీద పిలిచేది.

తేడా పట్టుకోవడానికి మూడు అక్షరాలు చాలు: ఉ, ల, ప. సాన్‌జేనో లిపిలో ‘ఉ’ మొన కిందికి ఉంటుంది. మాగ్రెలో తలకిందులై మొన పైకి ఉంటుంది, పక్కనున్న వెనెటి జనం రాసిన వెనెటిక్ లిపిలో లాగా. ‘ల’, ‘ప’లు కూడా ఇలాగే తిరగబడతాయి. అంటే ‘ల’ కొక్కెం ఒక లిపిలో అడుగున, ఇంకో లిపిలో తలమీద ఉంటుంది. లిపి ఏదో తేల్చకుండా ‘ల’ను, ‘ప’ను చదివితే ఒకదాన్ని ఇంకోటి అనుకునే ప్రమాదం ఉంది. నాలుగో గుర్తు కూడా ఒకటుంది. ‘త్స’ లాంటి ధ్వనికి రేటియన్లు ప్రత్యేకంగా ఒక అక్షరం వాడారు. సాన్‌జేనో వైపు అది బాణం ఆకారం, మాగ్రె వైపు నిచ్చెన ఆకారం. ఇది కనబడితే రేటిక్ అన్న ధైర్యం బాగా పెరుగుతుంది.

లేని అక్షరాలు కూడా ముఖ్యమే. రేటిక్‌లో ‘ఒ’ లేదు. అచ్చులు అ, ఎ, ఇ, ఉ మాత్రమే. ఎట్రస్కన్‌లో లాగే బ, ద, గలకు అక్షరాల్లేవు. మీ గీతలో ‘ఒ’ స్పష్టంగా తేలితే అక్కడ ఆగండి. వెనెటిక్‌లో ‘ఒ’ ఉంది, పడమటి వైపు లెపోంటిక్ రాసిన లుగానో లిపిలోనూ ఉంది. ఆ రెండూ వేరే భాషలు. లెపోంటిక్ కెల్టిక్ భాష, వెనెటిక్ ఇండో-యూరోపియన్ భాష. పక్కనే ఉన్న కమోనికా లోయలో రాళ్ల నిండా రాతలు, బొమ్మలు ఉన్నాయి. 1979లో ఇటలీ నుంచి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మొదటి చోటు అదే. అక్కడి కమూనిక్ రాత కూడా వేరు. రాయి దొరికిన చోటు ఒక సూచన మాత్రమే, తీర్పు ఇవ్వాల్సింది అక్షరాలే.

ఇంకో జాగ్రత్త. ప్రతి గీతల వరుసా రాత కాదు. రేటియన్ల మొక్కుబడి వస్తువుల మీద అక్షరాల్లా కనబడేలా పెట్టిన గుర్తులు, లెక్క గీతలు, యజమాని గుర్తులు చాలా దొరికాయి. ఒకే ఆకారం మళ్లీమళ్లీ వస్తూ అచ్చులు ఎక్కడా తేలకపోతే, అది చదవడానికి రాసింది కాదని ఒప్పుకోవడం మంచిది.

ఐదో అడుగు: లిప్యంతరీకరణ

ఇప్పుడు మీ గీతను అక్షరాలుగా మార్చాలి. పండితలోకం 1931 నుంచి లైడెన్ పద్ధతి అనే గుర్తులు వాడుతోంది. అనుమానమున్న అక్షరం కింద చుక్క పెడతారు. పోయిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో [ ] ఉంచుతారు. రాసినవాడు కుదించిన దాన్ని మనం పూర్తిచేస్తే గుండ్రటి బ్రాకెట్లు ( ) వాడతారు. తెలుగులో మనకు మనం రాసుకునేటప్పుడు గ్రీకు థీటా, ఫై, ఖై అక్షరాలకు థ, ఫ, ఖ పెట్టుకుంటే సరిపోతుంది. ఇవి అక్షరానికి గుర్తులే, ఉచ్చారణ హామీ కాదు. ఏది ఏ అక్షరమో పైన ఒక పట్టిక రాసి, మొత్తం పనిలో దానికే కట్టుబడండి.

మాటల మధ్య ఖాళీ వదలొద్దు. రేటిక్ రాతల్లో కొన్నిట్లో మాటల మధ్య చుక్కలు, గీతలు ఉంటాయి, చాలావాటిలో ఉండవు. రాతి మీద లేని ఖాళీని ఈ దశలో మీరు చేర్చితే, తెలియకుండానే అర్థం చెప్పేసినట్టే.

ఆరో అడుగు: చివరి నుంచి విడదీయడం

ఇక్కడి నుంచి తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. రేటిక్ కూడా మాట చివర ప్రత్యయం మీద ప్రత్యయం అంటించే భాష. ‘ఇంటివాళ్లలోనుంచి’ లాంటి మాటను క్షణంలో విడగొట్టగల కన్ను మనది. ఆ కన్నుతో మాట మొదలు వదిలి చివర చూడండి.

స్టైన్‌బెర్గ్ గోడ మీద ప్రధానంగా కనబడే అమరిక ఇది: ఒక పేరు, దాని చివర ‘-సి’, తరువాత ఇంకో పేరు, దాని చివర ‘-నుఅలె’. రెండో దాన్ని విడగొడితే పేరు + ను + అలె. ‘-ను’ అంటే మగవాడి విషయంలో ‘ఫలానావాడి కొడుకు’. ఆడవారికైతే ‘-న’. అలా పేరు, తండ్రి పేరు రెండూ వచ్చాయి. ఇక మిగిలినవి ‘-సి’, ‘-అలె’. రెండూ ఒకే విభక్తి తాలూకు రెండు రూపాలు. మొదటి పేరుకు ఒకటి, తండ్రి పేరు మాటకు ఇంకోటి తగులుకున్నాయి. విశేషణానికీ విశేష్యానికీ ఒకే విభక్తి వచ్చినట్టు రెండూ జతగా నడుస్తాయి.

ఇది రేటిక్‌లోంచే ఎలా తెలుస్తుంది? రేటిక్ ఒక్కదాన్నే చూస్తే తెలియదు. లెమ్నోస్ పలకను పక్కన పెట్టాలి. దాని మీద ‘హొలయెసి ఫొకియసియలె’ అని ఉంది. మొదటి మాట హొలయె అనే మనిషి పేరు, చివర ‘-సి’. రెండోది ఫొకైయా ఊరివాడు అనే మాట, చివర ‘-అలె’. ఏజియన్ సముద్రంలోని దీవిలో క్రీ.పూ. 6వ శతాబ్దపు రాయి, ఆల్ప్స్ మంచు కింద గోడ, రెండింటి మీదా ఒకే జత ప్రత్యయాలు ఒకే వరుసలో! ఎట్రస్కన్‌లోనూ ఈ జత ఉంది. ‘మి ములు లరిసలె వెల్ఖయినసి’ అని ఒక పాత ఎట్రస్కన్ కానుక రాత. అందులో లరిస్ వెల్ఖయిన అనే ఒకే మనిషి పేరుకు ‘-అలె’, ‘-సి’ రెండూ వచ్చాయి, వరుస మాత్రం తారుమారు. మూడు భాషల్లో ఒకే జత తేలడం యాదృచ్ఛికం అయ్యే అవకాశం చాలా తక్కువ. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో అత్యంత అందమైన సాక్ష్యం ఇదే. రెండు మాటలు పోలి ఉండడం ఎప్పుడైనా జరుగుతుంది, వ్యాకరణం జతలుజతలుగా పోలడం ఊరికే జరగదు.

క్రియలు వచ్చిన చోట ‘-ఖె’, ‘-కు’ చివరలు చూడండి. ఎట్రస్కన్ భూతకాలం ‘-కె’. ఎట్రస్కన్ ‘జినకె’ అంటే చేశాడు. బాణం అక్షరంతో మొదలయ్యే రేటిక్ ‘త్సినఖె’ దానికి జోడీ. ‘ఉపికు’, ‘ఉతికు’ లాంటి మాటలు మొక్కుబడి రాతల్లో మళ్లీమళ్లీ వస్తాయి. సమర్పించినది అన్న భావం వాటికి సరిపోతోంది. మాటల్లో మనకు గట్టిగా దొరికినవి కొద్దే: ‘అక్విల్’ అంటే కానుక, ‘జల్’ అంటే రెండు. ఇవి రెండూ ఎట్రస్కన్‌లోనూ ఉన్నాయి.

చిన్న రాతలను ఇలా చివర పట్టుకుని చదవడం మన చరిత్రలోనూ జరిగింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపం కంచె రాళ్ల మీది చిన్న శాసనాల నకళ్లు చూస్తూ, చాలావాటి చివర ఒకే రెండు అక్షరాలు రావడం గమనించాడు. అది ‘దానం’ కావాలని, దాని ముందు వచ్చే ‘స’ ‘యొక్క’ కావాలని ఊహించాడు. బ్రాహ్మీ అక్కడి నుంచే తెరుచుకుంది. అమరావతి రాళ్ల మీది దాతల రాతలూ అదే పోకడ: ఫలానావాడి కొడుకైన ఫలానావాడి దానం. మొక్కు చెల్లించిన మనిషి ఎక్కడైనా రాసుకునేది ముందు తన పేరే. రేటిక్ గోడ చదివేటప్పుడు కూడా మొదట పేరునే ఆశించండి.

ఏడో అడుగు: అర్థం చెప్పడం, ఎంతవరకు

‘-సి ... -నుఅలె’ రాతకు తెలుగులో అర్థం రాద్దామంటే వెంటనే ఒక చిక్కు వస్తుంది. ఈ విభక్తి ‘ఫలానావాడికి’ అని కూడా కావచ్చు, ‘ఫలానావాడి చేత’ అని కూడా కావచ్చు. పైన చెప్పిన ఎట్రస్కన్ రాతలోనూ ఇదే ప్రశ్న ఉంది. క్రియ ఉంటే అది కొంత తేల్చుతుంది. స్టైన్‌బెర్గ్‌లో లాగా పేర్లు మాత్రమే ఉంటే సందర్భమే మిగులుతుంది. అక్కడ రాతి చీలికలో నీటి ఊట ఉంది. ఊరికి దూరంగా, కొండ మీద, నీటి చోట వరుసగా పేర్లు ఉంటే అవి మొక్కు చెల్లించినవాళ్ల పేర్లు అనుకోవడం సహజం. అందుకే ‘ఫలానావాడి కొడుకైన ఫలానావాడి చేత’ అన్న అర్థానికి నేను మొగ్గుతాను. కానీ అనువాదంలో రెండు పంక్తులూ ఇవ్వండి. ఒకటి మీరు మొగ్గినది, రెండోది వ్యాకరణం ఇంకా ఒప్పుకునేది. ఏ దేవతకు మొక్కారో రాతి మీద లేకపోతే దేవత పేరు పెట్టకండి.

పెడితే ఏమవుతుందో మాగ్రె చెబుతుంది. అక్కడ జింక కొమ్ముల మీద రాసిన మొక్కుబడులు దొరికాయి. వాటిలో ‘రిత-’, ‘రెయితె-’ అని మొదలయ్యే మాటలను పక్కనున్న ఎస్తె ఊళ్లో వెనెటి జనం కొలిచిన రెయితియా దేవత పేరుగా చాలాకాలం చదివారు. రేటియన్ల పేరే ఆ దేవత నుంచి వచ్చిందని కూడా అన్నారు. ప్రత్యయాలను వరుసగా పోల్చి చూశాక అవి మనుషుల పేర్లుగా చక్కగా సర్దుకున్నాయి.

ఇంకో ఉదాహరణ చెంబ్రా లోయలో 1820లలో దొరికిన కంచు బకెట్. ఇప్పుడు ట్రెంటోలోని బువోన్‌కోన్సిల్యో కోటలో ఉంది. రేటిక్‌లో ఇది పెద్ద రాత, అందుకని కొత్తవాళ్లు అభ్యాసానికి ముందు దీన్నే తీసుకోవాలంటాను. రాత ఐదు ముక్కలుగా ఉంది:

లవిసెస్ ఎలి
వెల్ఖను
లుప్ను పిథియవె
కుసెన్కుస్ త్రినఖె
ఫెల్న వినుతలిన

బకెట్ మద్యం పోసేది కాబట్టి చివరి మాటలో ‘విను’ చూడగానే వైన్ అన్నారు. మొదటి మాటలో ఆ చుట్టుపక్కలున్న లావిస్ ఊరు, అవిసియో నది కనబడ్డాయి. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు ఈ మార్గదర్శి ప్రకారం చివర్లు చూడండి. ‘వెల్ఖను’, ‘లుప్ను’ల చివర ‘-ను’, అంటే కొడుకు. ‘ఫెల్న’, ‘వినుతలిన’ల చివర ‘-న’. ఇది ఒక స్త్రీ పేరు, ఆమె తండ్రి పేరు మాట కావచ్చు. ‘త్రినఖె’ చివర ‘-ఖె’, కాబట్టి క్రియ. అలా చూస్తే వైన్ కథ కరిగిపోయి, మనుషులు ఏదో చేసిన రాత మిగులుతుంది. మద్యం కన్నా ఇది తక్కువేమీ కాదు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల నాటి స్త్రీ ఒకామె పేరు లోహం మీద నిలిచి ఉండవచ్చు.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఒక మాట. 1904లో స్టెన్ కోనో అనే భాషావేత్త ఎట్రస్కన్‌ను ద్రావిడ భాషలతో పోల్చి రాశారు. ఆ ప్రతిపాదన నిలవలేదు. ప్రత్యయాలు అంటించే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, అంతమాత్రాన చుట్టాలు కావు. ‘అక్విల్’లో తెలుగు మాటను, ‘కు’లో మన నాలుగో విభక్తిని వెతకడం మొదలుపెడితే ఏ శాసనమైనా మనకు కావలసిందే చెబుతుంది. మన భాష మనకు విడదీసే నేర్పు ఇచ్చింది, దాన్ని వాడుకుందాం. అర్థాలు మాత్రం తిర్సేనియన్ కుటుంబం లోపలి నుంచే రావాలి.

ఎనిమిదో అడుగు: పోల్చడం, నమోదు చేయడం

మీ పాఠం పూర్తయ్యాక ఇప్పుడు పాత పాఠాలు తెరవండి. వియన్నా విశ్వవిద్యాలయంలో నడిచే థెసారుస్ ఇన్‌స్క్రిప్షియోనుమ్ రేటికారుమ్ అనే ఆన్‌లైన్ నిధి అందరికీ ఉచితం. ప్రతి శాసనానికీ చోటును తెలిపే రెండు అక్షరాలు, ఒక అంకె, ఫొటో, గీత, పాఠం, పాత పాఠాల చరిత్ర అందులో ఉంటాయి. ష్టెఫాన్ షూమాకర్, కొరిన్నా సాలోమొన్ లాంటివాళ్ల కృషి వల్ల ఈ రంగంలో ప్రతి గీతకూ లెక్క ఉంది. హైదరాబాదులో కూర్చునీ, మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటూనూ ఈ నిధి మీద పూర్తి అభ్యాసం చేయవచ్చు. మ్యూనిక్‌లో ఉన్నవాళ్లకు గుఫర్ట్ కొండ కూడా దగ్గరే. అయితే అది కొండదారి, మంచు కరిగిన కాలంలోనే వెళ్లాలి.

మీ పాఠానికీ అచ్చైన పాఠానికీ తేడా వచ్చిన ప్రతి అక్షరం దగ్గరా మూడు విషయాలు రాయండి: మీరు ఏ ఫొటోలో, ఏ వెలుతురులో చూశారు, వాళ్లు ఏమన్నారు, ఆ అక్షరం మారితే ప్రత్యయం మారుతుందా లేదా. మారని తేడా చిన్నది, నోట్‌లో ఉంటే చాలు. ప్రత్యయం మారిస్తే అది పెద్దది. దాని కోసం మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాలి, లేదా దగ్గరున్నవాళ్లను అడగాలి.

కొండల్లో తిరుగుతుండగా ఇంతవరకు నమోదు కాని రాత మీ కంటపడితే ముందు ఏమీ ముట్టుకోకండి. దూరం నుంచి, దగ్గర నుంచి స్కేలుతో ఫొటోలు తీసి, జీపీఎస్ గుర్తు పెట్టుకోండి. ఆస్ట్రియాలో అలాంటిది దొరికితే మరుసటి పనిదినం లోపల కేంద్ర స్మారక కార్యాలయానికి తెలపాలని చట్టం. ఇటలీలో 24 గంటల గడువు. చోటు వివరాలు సోషల్ మీడియాలో పెట్టకండి. పెట్టిన వారానికే ఎవరో ఒకరు సుద్దముక్కతో వస్తారు.